ఇంగ్లండు సాలాయన కథను మా నాయినకు చదివి వినిపిస్తే

అట్ట మీద గొడుగు పట్టుకున్న ఒక దొరసాని బొమ్మ ఉంది. రెండొందల పైచిలుకు పేజీలు చదివాను, లోపల ఎక్కడా ఆ దొరసాని తగల్లేదు, గొడుగూ తగల్లేదు. ఉన్నదల్లా ఒక సాలాయన, ఆయన మగ్గం, రెండు తోలు సంచుల బంగారం, మంచులో నడిచొచ్చిన ఒక పసిపిల్ల. అట్ట వేసినవాళ్లు పుస్తకం తెరిచి చూడలేదని అక్కడే అర్థమైంది. ఆన్‌లైన్‌లో 140 రూపాయలకు తెప్పించుకున్న కాపీ ఇది. అచ్చు మరీ సన్నం, కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడతాయి. ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది, అది వచ్చిన చోట చెప్తాను.

పుస్తకం పేరు ‘సైలస్ మార్నర్’. రాసింది జార్జ్ ఎలియట్. పేరు చూసి మగాయన అనుకునేరు, ఆమె అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. 1861లో అచ్చయింది. నేను నల్లగొండ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. డిగ్రీలో ఉన్నప్పుడు ఈ నవలను గైడు చదివి గట్టెక్కినదాన్నే. ప్రశ్న వస్తే ‘బంగారం పోయి బంగారు తల్లి దొరికింది’ అని రాసి మార్కులు కొట్టేశాం. అసలు పుస్తకం ముట్టుకోవడం యాభై దాటాక ఇప్పుడే.

అది కూడా నా కోసం చదివింది కాదు. చండూరు వైపు మా ఊర్లో నాయినకు కంట్లో శుక్లం తీసేశారు. టీవీ చూడొద్దన్నారు. ఎనభై ఒకటేళ్ల మనిషి, యాభై ఏళ్లు గుంట మగ్గం మీద కూర్చున్నాడు, ఊరికే పడుకోమంటే ఎట్లా? సెలవులకు వెళ్లిన నన్ను పట్టుకొని, “ఏదన్న చదువు బిడ్డా, ఇంట” అన్నాడు. సంచిలో ఇది తప్ప వేరే పుస్తకం లేదు.

“ఏం కథ?”

“సాలాయన కథ నాయినా.”

“ఏ ఊరు సాలాయన?”

“ఇంగ్లండు.”

“ఆడ గూడ ఉన్నరా మనోళ్లు!”

పదకొండు రోజులు పొద్దునా సాయంత్రం చదివాను. ఇంగ్లీషులో ఒక పేజీ కళ్లతో చదివి మా మాటల్లో చెప్పడం, ఆయన మధ్యలో అడ్డు తగలడం, పక్కన అమ్మ కండెలు చుట్టుకుంటూ విననట్టే వినడం. కాబట్టి ఈ సమీక్షలో సగం అభిప్రాయాలు నావి కావు.

మొదటి పేజీ దాటక ముందే ఆగిపోయాం. మగ్గం గుంటలో ఉంటదా, నేల మీద ఉంటదా? కాళ్లతో తొక్కుతాడా? నాడె (షటిల్) చేత్తో విసురుతాడా? నూలేంటిది? లినెన్ అన్నాను. అవిసె నారతో తీసే నూలు, దాంతో దుప్పట్లు, బల్లల మీద పరిచే బట్టలు నేస్తాడు. గుంట లేదు, నేల మీద నిలబెట్టిన మగ్గమే. “గుంట లేకుంటే చలికాలం కాళ్లు ఏం గాను?” అని ఆయనకు అనుమానం. రచయిత్రి ఆ సంగతి రాయలేదు, కానీ మగ్గం మనిషిని ఏం చేస్తుందో మాత్రం బాగా చూసి రాసింది. సైలస్‌కు ఇంకా నలభై కూడా రాలేదు, ఊరి పిల్లలు అప్పుడే ముసలాయన అంటారు. వెన్ను వంగిపోయింది, కళ్లు దగ్గరివే తప్ప దూరానివి చూడవు. ఏదో పనిముట్టుకు ఉండాల్సిన పిడిని ఊడదీసి విడిగా పెడితే ఎట్లా అర్థం లేకుండా కనిపిస్తుందో, మగ్గం దిగిన సైలస్ అట్లా ఉంటాడని ఒక పోలిక చెప్తుంది. నాయిన ఏమీ అనలేదు. మోకాళ్లు మాత్రం ఒకసారి తడుముకున్నాడు. మా వైపు మోకాళ్లకు మగ్గం ఒక్కటే కారణం కాదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఆ లెక్కన ఇంగ్లండు సాలాయన అదృష్టవంతుడే.

రచయిత్రి చిన్నతనంలో ఒకసారి, వీపున మూట వేసుకొని పోతున్న ఒక నేతగాణ్ని చూసిందట. ఎన్నో ఏళ్లకు ఆ బొమ్మ గుర్తొచ్చి, వేరే నవల పని పక్కన పెట్టి ఇది రాసింది. ఇది చెప్తే నాయినకు నచ్చింది. “మూట మోసుడు చూసిందంటే సగం చూసినట్టే” అన్నాడు.

కథ ఇది. సైలస్ కుర్రతనంలో ఉత్తరాన ఒక పట్నంలో, లాంటర్న్ యార్డ్ అనే సందులో ఒక చిన్న క్రైస్తవ సమాజంలో ఉంటాడు. గొప్ప భక్తిపరుడు. విలియం డేన్ అని ప్రాణ స్నేహితుడు, సారా అని పెళ్లి కుదిరిన పిల్ల. సమాజం పెద్ద ఒకాయన జబ్బు పడితే రాత్రిళ్లు వంతుల వారీగా కాపలా కూర్చుంటారు. సైలస్‌కు మూర్ఛ లాంటిదొకటి ఉంది. కళ్లు తెరిచే ఉంటాయి, ఒళ్లు కట్టెలా బిగుసుకుపోతుంది, ఎంతసేపైందో తనకే తెలియదు. ఆ రాత్రి అదే వస్తుంది. తేరుకునేసరికి పెద్దాయన చనిపోయి ఉంటాడు, సమాజం డబ్బుల సంచి మాయం. ఆ సంచి ఉండాల్సిన చోట సైలస్ జేబు చాకు దొరుకుతుంది. ఖాళీ సంచి సైలస్ గదిలో దొరుకుతుంది. దోషి ఎవరో దేవుణ్నే అడుగుదామని ప్రార్థన చేసి చీట్లు తీస్తారు. చీటీ సైలస్‌నే దొంగ అంటుంది. అప్పుడు గుర్తొస్తుంది అతనికి: ఆ చాకు చివరిసారి వాడింది విలియం కోసం ఒక తోలు పట్టీ కోయడానికి, మళ్లీ జేబులో పెట్టుకున్న జ్ఞాపకం లేదు. నెల తిరిగి కొద్ది రోజులకే సారాకు విలియంతో పెళ్లైపోతుంది.

ఇక్కడి దాకా వచ్చేసరికి నాయిన “ఆపు” అన్నాడు. గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. విసుగొచ్చిందేమో అనుకున్నాను. దేవుడి పేరు మీద చీట్లు తీయడం అన్యాయం కదా అని నేనేదో అనబోతే, “రేపు చదువుదువు” అన్నాడు. ఎందుకో తెలియడానికి పదో రోజు దాకా ఆగాల్సొచ్చింది.

దేవుడి మీదా మనుషుల మీదా నమ్మకం పోగొట్టుకొని సైలస్ రావెలో అనే పల్లెకు వస్తాడు. రాళ్లు తీసి వదిలేసిన గుంత పక్కన ఒక గుడిసె లాంటి రాతి ఇల్లు. పదిహేనేళ్లు నేయడం, డబ్బు కూడబెట్టడం, రాత్రి తలుపు మూసి బంగారు నాణేలు కుప్ప పోసి చూసుకోవడం, అంతే బతుకు. ఇక్కడ గైడులో రాయని ముక్క ఒకటి ఉంది, నాయినే పట్టుకున్నాడు. పట్నంలో ఉన్నప్పుడు సైలస్ ఒక టోకు వ్యాపారికి నేసేవాడు. వారం వారం కూలి, అదీ తక్కువ. అందులో పెద్ద భాగం ధర్మానికీ సమాజానికీ ఇచ్చేసేవాడు. పల్లెలో బట్ట కావాల్సినవాళ్లే నేరుగా వచ్చి నేయించుకుంటారు. మొదటి పనికే ఒక ఇల్లాలు ఐదు బంగారు గినీలు చేతిలో పెడుతుంది. “సూసినవా, షావుకారు మధ్యల ఉంటే కూలి, లేకుంటే పైసలు” అని నాయిన లేచి కూర్చున్నాడు. నూట అరవై ఏళ్ల కిందటి ఇంగ్లీషు నవలలో తన బతుకు లెక్క దొరికిందని ఆయనకు సంబరం. డబ్బు పెరిగిన చోట ఇవ్వడం ఆగిపోయింది, ఆ కిటుకు మాత్రం ఆయన పట్టించుకోలేదు. అది నేను గమనించి మనసులో పెట్టుకున్నాను.

పిసినారి సైలస్‌ను రచయిత్రి ఒక మట్టి కుండతో మనిషిని చేసింది. పన్నెండేళ్లు నీళ్లు మోసిన గోధుమరంగు కుండ. ఒకరోజు బావి నుంచి వస్తూ కంచె దాటే చోట తట్టుకొని పడి మూడు ముక్కలవుతుంది. ఇక పనికి రాదు. అయినా ఆ ముక్కలు ఏరుకొచ్చి, ఒకదానికొకటి ఆనించి, ఎప్పుడూ ఉండే చోటే నిలబెడతాడు. ఇంతే, ఒక పేరా. నవల మొత్తంలో నా కళ్లు తడిసింది ఇక్కడే. పసిపిల్ల దగ్గర తడవలేదు.

ఊరివాళ్ల సంగతి. సైలస్‌కు తల్లి దగ్గర నేర్చుకున్న మూలికల వైద్యం కొంత వచ్చు. గుండె జబ్బుతో ఉన్న ఒకామెకు పసరు ఇస్తే నిమ్మళిస్తుంది. దాంతో ఊరంతా వచ్చి తాయెత్తు కట్టమంటుంది, మంత్రం వేయమంటుంది. నాకు రావు పొమ్మంటాడు. రావనేసరికి పగ. తర్వాత ఎవరింట్లో ఏ కీడు జరిగినా సాలాయన చూపే కారణం. “మన దిక్కైతే బాణామతి అనేటోళ్లు, పండ్లు ఊడగొట్టేటోళ్లు” అన్నది అమ్మ, అప్పటిదాకా నోరు మెదపని మనిషి. పాలమూరు, మెదక్, మా జిల్లా మనుషులకు ఈ అధ్యాయానికి వివరణ అక్కర్లేదు.

నవ్వుకోవాలంటే ఆరో అధ్యాయం చదవండి. రెయిన్‌బో అనే సారాయి దుకాణంలో ఊరి పెద్దమనుషుల ముచ్చట్లు. ఒక ఆవు గురించి సగం పేజీ కొట్లాట. తర్వాత చర్చి గుమస్తా మేసీ ఒక పెళ్లి కథ చెప్తాడు. ముసలి ఫాదరు మందు మత్తులోనో మరెట్లోనో మాటలు తారుమారు చేసి, పెళ్లికూతుర్ని నీ భార్యగా ఇతన్ని స్వీకరిస్తావా అన్నట్టు అడుగుతాడు. వాళ్లు ‘ఔన’ని అనేస్తారు. ఇక మేసీకి బుగులు: ఆ పెళ్లి చెల్లుతుందా? అన్నది ముఖ్యమా, అనుకున్నది ముఖ్యమా? తర్వాత ఫాదర్నే అడిగితే, మాటలదేముంది, రిజిస్టరే అతికించే జిగురు అంటాడు. నాయిన దగ్గొచ్చేదాకా నవ్వాడు. సాయంత్రం పూట మా కల్లు కాంపౌండులో ఇదే తీరు, ఆవుకు బదులు బర్రె ఉంటుంది. ఈ అధ్యాయం కథను ముందుకు నడపదు, నిజమే. తీసేస్తే మాత్రం ఊరు మాయమైపోతుంది.

బంగారం ఎట్లా పోయిందో చాలా తెలివిగా అల్లింది. పొయ్యి మీది కొక్కెం నుంచి వేలాడదీసి మాంసం కాల్చుకోవడానికి సైలస్ తలుపు తాళంచెవినే దారానికి అడ్డంగా కట్టాడు. ఇంతలో రేపటి పనికి కావాల్సిన సన్న దారం లేదని గుర్తొస్తుంది. చెవి తీస్తే మాంసం ఊడుతుంది, ఎందుకులే, ఈ వానలో ఎవడొస్తాడని తలుపు ఊరికే దగ్గరకేసి పోతాడు. ఊరి దొర రెండో కొడుకు డన్‌స్టన్ అప్పుడే వస్తాడు. మగ్గం కింది ఇటుకలు తీసి సంచులు ఎత్తుకొని చీకట్లోకి పోతాడు. దుకాణంలోకి పరుగెత్తుకొచ్చిన సైలస్‌ను ఎంత పోయిందని అడిగితే, 272 పౌండ్ల పన్నెండు షిల్లింగుల ఆరు పెన్నీలని ఠకీమని చెప్తాడు. రాత్రే లెక్క పెట్టాడు మరి.

ఆ తర్వాత కొత్త సంవత్సరం ముందు రాత్రి, మంచు కురుస్తుంటే, మళ్లీ ఆ మూర్ఛే వచ్చి తలుపు తెరిచి పట్టుకొని నిలబడిపోతాడు సైలస్. ఆ సందులోంచి ఒక పసిపిల్ల తప్పటడుగులతో లోపలికొచ్చి పొయ్యి ముందు పడుకుంటుంది. తెలివొచ్చాక చూస్తే పొయ్యి దగ్గర బంగారం మెరుస్తున్నట్టు కనబడుతుంది. చెయ్యి పెడితే మెత్తని జుట్టు. ఇక్కడ నాకు పేచీ ఉంది. ఒకసారి మూర్ఛలో పరువు పోయింది, ఇంకోసారి మూర్ఛలో బిడ్డ వచ్చింది. బంగారం పోయిన చోటికే బంగారపు జుట్టు వచ్చింది. మరీ ఇంత కొలత పెట్టి కుట్టినట్టుంటే నమ్మబుద్ధి కాదు. చూపు ఆనని మనిషి కాబట్టి జుట్టు బంగారంలా కనబడిందని ఒక సాకు చూపించింది, ఆ సాకును మా నాయిన ఒప్పుకున్నాడు. శుక్లం తీయించుకున్న కొత్తలో ఆయనకు ట్యూబ్‌లైటు చుట్టూ రంగులు కనబడ్డాయట. నేను మాత్రం ఒప్పుకోను.

ఇక పద్నాలుగో అధ్యాయం. నా కాపీలో పెద్ద తప్పు ఇక్కడుంది. బైండింగులో ఒక ఫారం, అంటే పేజీల కట్ట, రెండుసార్లు పడి, దాని తర్వాతి ఫారం ఎగిరిపోయింది. సరిగ్గా పిల్లను పెంచే భాగమే లేదు. అమ్మినవాళ్లకు ఫొటో తీసి పంపితే గడువు దాటిందన్నారు. కాపీరైటు ఎప్పుడో అయిపోయిన పుస్తకం, గుటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితంగా ఉంది కాబట్టి ఫోనులో చదివి సరిపెట్టాను. పోయినవి మామూలు పేజీలైతే ఇంత బాధ లేకపోవు.

సైలస్ పిల్లకు తన తల్లి పేరే పెడతాడు, హెఫ్జిబా. పిలవడం ఎప్పీ. నేసేటప్పుడు పిల్ల బయటికి పోకుండా వెడల్పాటి బట్ట పట్టీతో నడుముకు కట్టి మగ్గానికి ముడేస్తాడు. ఒకరోజు కత్తెర అందే చోట మర్చిపోతాడు. పిల్ల పట్టీని కరకరా కోసుకొని బయటపడుతుంది. ఈయన వెతికి వెతికి, నీటి గుంట కనబడగానే గుండె ఆగినంత పనైతే, ఆమె గట్టున కూర్చొని, తన బూటునే బొక్కెన చేసుకొని, పశువు గిట్ట దిగిన గుంతలోకి నీళ్లు మోస్తూ, ఆ బూటుతోనే ముచ్చట పెడుతూ ఉంటుంది. ముద్దు పెట్టుకున్నాక గుర్తొస్తుంది శిక్ష వేయాలని. బొగ్గులు పోసే గూట్లో పెడతాడు. ఒక్క నిమిషానికే మనసాగక తీసి, కడిగి, బట్టలు మార్చి, ఇక బుద్ధొచ్చిందిలే అని మగ్గం వైపు తిరుగుతాడు. మళ్లీ ఇటు చూసేసరికి చేతులూ మొహం నల్లగా చేసుకొని ఆ గూట్లోంచే తొంగి చూస్తూ, ‘ఎప్పీ బొద్దు గూట్లో!’ అంటుంది. సైలస్ జన్మలో మళ్లీ శిక్ష మాట ఎత్తడు.

“నిన్ను గూడ గట్లనే కట్టేసిన” అన్నది అమ్మ. నాకు తెలియని సంగతి. అచ్చు అతికినాక, అంటే పాత పడుగుకు కొత్త పడుగు కలిపినాక, మిగిలిన పోగుల ముక్కలు పేని, నా కాలికి కట్టి, మగ్గం గుంజకు ముడేసేదట. “తెంపుకొని పోయి గుంటల దాసుకునేదానివి. మీ నాయిన కాళ్ల కాడ.” రెండు ఊళ్లు, రెండు కాలాలు, ఒకటే ముడి. బొగ్గు గూటి ముక్క రాసినావిడకు సొంత పిల్లలు లేరు. ఎక్కడ చూసిందో గానీ, కచ్చితంగా చూసే రాసింది.

ప్రేమ, భక్తి, దానం అని ఈ నవల గురించి చెప్తారు కదా, ఆ మూడూ ఒకే మనిషిలో కావాలంటే డాలీ విన్‌త్రాప్. బండి చక్రాలు చేసే వడ్రాయన భార్య. చదువు రాదు. బంగారం పోయి కుమిలిపోతున్న సైలస్ దగ్గరికి కొడుకుని వెంటబెట్టుకొని, పంది కొవ్వుతో కాల్చిన రొట్టెలు తెస్తుంది. రొట్టెల మీద మూడు అక్షరాలు గుచ్చి ఉంటాయి. చర్చిలో గుడ్డ మీద ఉన్న అక్షరాలే, అర్థం ఆమెకూ తెలియదు, సైలస్‌కూ తెలియదు. మంచివి కాకపోతే చర్చిలో ఎందుకుంటాయి అంటుంది. ఇంట్లో ఏ పిండివంటైనా మా అమ్మమ్మ మొదటిదాని మీద వేలితో గీత గీసి దేవుడి గూట్లో పెట్టేది, ఆ గీత ఏంటంటే ఆమెకూ తెలియదు. డాలీ దేవుణ్ని బహువచనంలో పిలుస్తుంది, ‘పైనున్నోళ్లు’ అని. “ఎంతమంది?” అన్నాడు నాయిన. పిల్ల వచ్చాక తన కొడుకు చిన్నప్పటి బట్టలు ఉతికి మూటగట్టి తెస్తుంది, స్నానం చేయించడం నేర్పుతుంది. పిల్లను నువ్వెట్లా పెంచుతావులే అనే మాట ఒక్కసారి కూడా ఆమె నోటివెంట రాదు.

దానం అనగానే మా జిల్లావాళ్లకు పోచంపల్లి గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు, భూదానం అక్కడ మొదలైంది. పాఠంలో ఏటా చెప్తాను. ఈ నవలలో అంత పెద్ద దానం ఎవరూ చేయరు. దొరలు పండక్కి వంటలు చేసి మిగిలినవి ఊరికి పంచుతారు, అంతవరకే. పాత లాగులు, నాలుగు రొట్టెలు, ఒక గంట కూర్చొని మాట్లాడటం. వీటితోనే ఒక మనిషిని మళ్లీ మనుషుల్లోకి తెస్తుంది డాలీ. సెంటిమెంటే, కానీ పిండి కలిపిన చేతుల సెంటిమెంటు.

ఇంకో చిత్రం. ఇంత భక్తిని ఇంత ఆప్యాయంగా రాసినామె స్వయంగా చర్చి నమ్మకాలు వదిలేసిన మనిషి. ఏసు జీవితాన్ని విమర్శనాత్మకంగా చూసిన స్ట్రాస్ జర్మన్ పుస్తకాన్ని 1846లో ఇంగ్లీషు చేసింది. పెళ్లై ఉన్న జార్జ్ హెన్రీ లూయిస్‌తో కలిసి బతికి లోకంతో మాటలు పడింది. అందుకేనేమో చీట్లు తీసే భక్తిని కడిగి పారేసి, అక్షరాల అర్థం తెలియని డాలీ భక్తి దగ్గర మాత్రం తల వంచుతుంది.

మరి అదే కలం మాలీ దగ్గర ఎందుకు బిగుసుకుపోయింది? ఎప్పీ కన్నతల్లి ఆమె. దొర పెద్దకొడుకు గాడ్‌ఫ్రీ రహస్యంగా పెళ్లి చేసుకొని, ఇంట్లో చెప్పకుండా, నాన్సీ అనే ఇంకో పిల్ల చుట్టూ తిరుగుతుంటాడు. చింకి బట్టల్లో, బిడ్డను ఎత్తుకొని, దొర ఇంట్లో విందు జరిగే రాత్రే అందరి ముందూ నిలదీయాలని మాలీ మంచులో నడిచొస్తుంది. నల్లమందుకు అలవాటు పడ్డ మనిషి. దారిలో అదే వేసుకొని, ఒక ముళ్ల పొద పక్కన ఒరిగి, లేవదు. రచయిత్రి ఆమెకు ఇచ్చింది నాలుగు పేజీలు, అందులోనూ సగం ఆమె తప్పుల చిట్టా. శవాన్ని చూసి గాడ్‌ఫ్రీ లోలోపల ఊపిరి పీల్చుకుంటాడు. నేను చదువుకుంటూ పోతున్నాను.

“ఆగు” అన్నది అమ్మ. “ఆ పిల్ల తల్లి సచ్చిపాయె. ఆమె కోసం ఎవలు ఏడ్సిండ్రు?”

వెనక్కి తిప్పి చూశాను. ఎవరూ ఏడవలేదు.

“మంచులకెల్లి బిడ్డను కొంగుల కప్పి తెచ్చింది ఆమెనే గద. ఆమె అట్ల తేకుంటే మీ సాలాయనకు పిల్ల ఏడికెల్లొచ్చు?”

ఎన్ని గైడులు చదివాను, ఇది ఎక్కడా లేదు. ఈ నవల మీద నా పెద్ద ఫిర్యాదు అమ్మ పెట్టిన ఈ ఫిర్యాదే. అందరినీ క్షమించే పుస్తకం ఆమెను మాత్రం దారి పక్కన వదిలేసింది. న్యాయానికి చెప్పాలంటే, పెద్దదైన ఎప్పీ మర్చిపోదు. తల్లి చేతి ఉంగరాన్ని సైలస్ దాచి ఇస్తే డబ్బాలో పెట్టుకొని చూసుకుంటుంది, తల్లి ఒరిగిన ఆ పసుపు పూల ముళ్ల పొదను తెచ్చి తమ తోటలో నాటుకుందాం అంటుంది. అది చెప్పాకే అమ్మ మళ్లీ రాట్నం తిప్పింది.

దొరల ఇంటి భాగం గురించి ఎక్కువ చెప్పను. విందు, నాన్సీ అలంకరణ, అక్క ప్రిసిల్లా ఎత్తిపొడుపులు. అక్క మాటలు సరదాగా ఉంటాయి, మిగతాది మెల్లగా సాగుతుంది. విసుగొస్తే వేగంగా తిప్పేయండి, దోషం లేదు.

రెండో భాగం పదహారేళ్ల తర్వాత. గాడ్‌ఫ్రీ పొలంలో నీళ్లు తోడించే పనులతో రాతి గుంత ఎండిపోయి, అడుగున డన్‌స్టన్ ఎముకలు, పక్కనే సైలస్ బంగారం బయటపడతాయి. పిల్లలు దక్కని గాడ్‌ఫ్రీ ఇన్నేళ్లకు నాన్సీకి నిజం చెప్పి, ఇద్దరూ ఎప్పీని తీసుకుపోవడానికి వస్తారు. కన్నతండ్రిని, నాకు హక్కుంది అంటాడు. సైలస్ ఎదురు చెప్పే తీరు, ఎప్పీ మర్యాద తప్పకుండానే రానని చెప్పడం, నాటకంలా ఉన్నా బాగా పండింది. టీచరుగా నాకు ఇంకో ఆలోచన వచ్చింది. దేవరకొండ వైపు తండాల్లో ఆడశిశువుల అమ్మకాల వార్తలు మా తరం మర్చిపోలేదు. ఇవాళ గుమ్మంలోకి పిల్ల నడిచొస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి, బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. ఒంటరి మగమనిషికి ఆడపిల్లను దత్తత ఇవ్వరు కూడా. సైలస్ ఇవాళైతే ఓడిపోయేవాడు. చట్టం ఎందుకు అట్లా ఉందో తెలుసు, అయినా ఆ పేజీ చదువుతుంటే చట్టం మీదే కోపమొచ్చింది.

పదో రోజు రాత్రి, సైలస్ ఎప్పీని వెంటబెట్టుకొని ముప్పై ఏళ్లకు లాంటర్న్ యార్డ్‌కు వెళ్లే అధ్యాయం. తన నిర్దోషిత్వం ఎప్పటికైనా బయటపడిందా అని అడగాలని పోతాడు. ఆ సందు లేదు. ఆ ప్రార్థనా మందిరం లేదు. పెద్ద ఫ్యాక్టరీ ఉంది, మధ్యాహ్నం తిండి కోసం గుంపులుగా జనం బయటికొస్తున్నారు. ఎవర్నడిగినా తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

“ఆ దోస్తు ఏమైండు?” అన్నాడు నాయిన.

“రాయలేదు నాయినా.”

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పైకప్పు చూస్తూ చెప్పాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు షావుకారు దగ్గర పట్టు తెచ్చి, చీరలు నేసి, తూకానికి పంపాడు. తరుగు పోను పావుకిలో పట్టు తక్కువొచ్చింది. మూట సైకిలు మీద పెట్టుకొని పోయింది నాయిన జతగాడు, పక్క మగ్గం ఆయన. పది మంది ముందు షావుకారు దొంగ అన్నాడు. ఏడాది పాటు కూలిలో కోసుకున్నాడు. జతగాణ్ని నాయిన ఒక్క మాట అడగలేదు. “సూడనిది ఎట్లంటం?” ఆ షావుకారు దుకాణం ఇప్పుడు లేదు, ఆ జాగాలో షెట్టర్లు పడ్డాయి, ఒకదాంట్లో సెల్‌ఫోన్ల షాపు. రీచార్జికి వెళ్తే అక్కడే నిలబడతానన్నాడు.

గడప దగ్గర అమ్మ రాట్నం ఆగింది. “ఏం పట్టు?” అన్నది. కూలి తగ్గిందని ఆమెకు తెలుసు, ఆ మాట పడ్డాడని తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లు.

పుస్తకం మూసి నేను బయటికొచ్చి కూర్చున్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారో వినలేదు.

ఎప్పీ పెళ్లి పదకొండో రోజు పొద్దున చదివాను. చివరి ముక్క, నాలుగైదు పేజీలే. లైలాక్ పూల కాలం, తెల్ల గౌను, డాలీ కొడుకు ఆరన్ పెళ్లికొడుకు. నాయిన మధ్యలోనే నిద్రపోయాడు. అమ్మ చివరిదాకా విని, “తోటల ఆ ముండ్ల శెట్టు పెట్టిండ్రా మరి?” అని అడిగింది.

సైలస్ పెడదామని మాటిచ్చాడు, నాటినట్టు మాత్రం రాయలేదు అన్నాను.

“నాటే ఉంటడు తియ్యి” అన్నది, కండె మార్చుకుంటూ.